తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు: మురుగునీటితో చేపల సాగు

కోల్‌కతా నగరానికి తూర్పు అంచున, ఉత్తర, దక్షిణ 24 పరగణాల జిల్లాల్లో సుమారు 12,500 హెక్టార్ల మేర చేపల చెరువులు, వరిచేలు, కూరగాయల మడులు, వాటి నడుమ ఊళ్లు కలగలిసి ఉన్న ప్రాంతాన్ని తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు అంటారు. నగరపు మురుగునీటిలో అధిక భాగం ఇక్కడికే చేరుతుంది. చెరువుల్లో నిలిచి చేపలకు మేత అవుతుంది, తేటపడ్డాక పొలాలకు పారుతుంది, మిగిలింది కుల్టీ నదిలో కలుస్తుంది. రోజుకు వచ్చే మురుగు 60 కోట్ల లీటర్లని కొన్ని గ్రంథాలు, 90 కోట్ల లీటర్లకు పైమాటేనని మరికొన్ని చెబుతున్నాయి. ఏయే కాలువలను లెక్కలోకి తీసుకున్నారన్నది ఈ తేడాకు కొంతవరకు కారణం కావచ్చు. అంకె ఏదైనా, నగర ప్రధాన భాగం భారీ శుద్ధి కర్మాగారాలు లేకుండానే తన మురుగును వదిలించుకుంటోందన్నది నిర్వివాదం. దీన్ని ప్రకృతి ఇచ్చిన వరమని చాలామంది రాశారు. ఆ మాట సగమే నిజం. ఇక్కడి నీటిని శుభ్రం చేస్తున్నది ఎండ, నాచు, చేప అయినా, ఆ మూడింటినీ ఒకచోట కుదిర్చింది మాత్రం చేపల రైతుల లాభాపేక్షే. వాళ్లకు గిట్టుబాటు అయినంత కాలమే ఈ చిత్తడి నేల ఉంటుంది. చరిత్ర పొడవునా దీనికి ఆధారాలు కనిపిస్తాయి.

కోల్‌కతా నేల వాలు హుగ్లీ నది వైపు కాదు, తూర్పు వైపు. నది ఒడ్డు ఎత్తుగా ఉండి, అక్కడి నుంచి భూమి క్రమంగా పల్లమవుతుంది. 19వ శతాబ్దం మధ్యలో నగరానికి భూగర్భ మురుగు కాలువలు రూపొందించిన ఇంజనీరు విలియం క్లార్క్ ఈ వాలునే వాడుకున్నాడు. తాగునీరు తెచ్చుకునే హుగ్లీలోకే మురుగును వదలడం మానిపించి, తూర్పున ఉన్న ఉప్పునీటి సరస్సుల మీదుగా విద్యాధరి నదికి మళ్లించే ఏర్పాటు అది. అప్పట్లో ఆ సరస్సుల్లోకి సముద్రపు పోటు వచ్చేది. పండుగప్ప, రొయ్య వంటి ఉప్పునీటి సరుకే అక్కడ దొరికేది. కానీ విద్యాధరి ఏటికేడు పూడిపోయింది. మురుగులోని మట్టి, నదికి అడ్డంగా తవ్విన కాలువలు, పోటు నీరు పరుచుకునే పల్లాలకు కట్టలు వేయడం, ఇవన్నీ కలిసి నదిని చంపాయి. మురుగు మోయడానికి అది ఇక పనికిరాదని 1928లో అధికారికంగా తేల్చారు. పోటు ఆగిపోవడంతో సరస్సుల్లో ఉప్పుదనం తగ్గింది, ఉప్పునీటి చేపల బేరం పడిపోయింది. నీళ్లున్నా బతుకుతెరువు లేని పరిస్థితి వచ్చింది. చిత్తడి నేల చరిత్రలో అసలు మలుపు ఇదే.

మురుగునీటితో చేపలు పెంచడం ఎప్పుడు మొదలైందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 1918 అని కొన్ని మత్స్యశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. 1929లో విధుభూషణ్ సర్కార్ అనే చేపల పెంపకందారు తన చెరువులోకి మురుగు మళ్లించి చూశాడనీ, చేపలు చావకపోగా ఏపుగా ఎదిగాయనీ ఇంకో కథనం. 1918 నాటివి విడివిడి ప్రయత్నాలు అయి ఉండవచ్చు. ఒక పద్ధతిగా ఇది స్థిరపడింది 1930ల తరువాతే అనుకోవడం సబబు. అందుకు కారణం నీటి మట్టం. కార్పొరేషన్ ఇంజనీరు బి.ఎన్. డే రూపొందించిన పథకం కింద మురుగును విద్యాధరికి బదులు మరింత తూర్పున ఉన్న కుల్టీకి చేర్చే కాలువలు 1940ల తొలి ఏళ్లకు పూర్తయ్యాయి. ఆ కాలువల్లో నీరు చెరువుల కంటే ఎత్తులో నిలవడంతో, తోడిపోసే పని లేకుండా తూము ఎత్తితే మురుగు తనంత తానే చెరువులోకి దిగే వీలు కలిగింది. ఆ వీలు వచ్చాకే వందల చెరువులు ఈ దారి పట్టాయి. కూరగాయల సాగు ఇంకా పాతది. ధాపా అనే చోట నగరపు చెత్త పోసిన నేలను 1879లో, మరికొందరి ప్రకారం 1880లో, భవనాథ్ సేన్ కౌలుకు తీసుకుని సాగు మొదలుపెట్టాడని చెబుతారు. అక్కడి నుంచి రోజుకు 150 టన్నుల కూరగాయలు వస్తాయన్న అంకె చాలా చోట్ల కనిపిస్తుంది. దాన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

మురుగుతో చేపలు పెంచే ఈ చెరువును స్థానికులు భేడీ అంటారు. బెంగాలీలో ఆ మాటకు మొదట కట్ట అనే అర్థం. ఇలాంటివి 250కి పైగా ఉన్నాయి. కొన్ని ఒకటి రెండు హెక్టార్లవి, కొన్ని పదుల హెక్టార్లవి. లోతు మాత్రం ఎక్కడా మనిషి నిలువెత్తుకు మించదు, సాధారణంగా నడుము లోతు. ఈ తక్కువ లోతే సాగుకు ఆయువుపట్టు, ఎందుకంటే ఎండ అడుగు దాకా దిగితేనే పని జరుగుతుంది. చలికాలంలో చెరువు ఎండగట్టి, అడుగు బురద తీసి, నేల దున్ని, సున్నం చల్లుతారు. అక్కరలేని చేపల్ని చంపడానికి ఇప్పచెక్క వేస్తారు. ఆపైన కాలువ తూము తెరిచి మురుగు పెట్టి రెండు మూడు వారాలు కదలకుండా వదిలేస్తారు. మురుగులోని మలినాలను సూక్ష్మజీవులు విరగ్గొడతాయి. అలా విడుదలైన నత్రజని, భాస్వరం తిని సన్నని నాచు పెరుగుతుంది. ఆ నాచు పగటిపూట నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది, దానితో సూక్ష్మజీవుల పని ఇంకా ముందుకు సాగుతుంది. చిక్కంతా నాచు మితిమీరి పెరిగినప్పుడే. అది చచ్చి కుళ్లితే నీరు మళ్లీ చెడుతుంది. ఆ నాచును మేసి అదుపులో పెట్టేవి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వెండి చేప, తిలాపియా. మురుగుశుద్ధి కర్మాగారాల్లో చివరికి మిగిలే మడ్డిని ఎక్కడ పారబొయ్యాలన్నది పెద్ద తలనొప్పి. ఇక్కడ ఆ మడ్డిలో కొంత భాగం చేపగా మారి బజారుకు పోతుంది. నీటిలోని సేంద్రియ మలినానికి కొలమానమైన బీఓడీ 80 శాతం దాకా తగ్గుతుందనీ, మలసంబంధ కోలీఫారం బ్యాక్టీరియాలో 99 శాతానికి పైగా నశిస్తుందనీ కొలిచినవాళ్లు రాశారు. కాలాన్ని బట్టి, చెరువును బట్టి ఈ అంకెలు మారతాయి.

ఇందులో యంత్రం చేసే పని దాదాపు ఏమీ లేదు, మనిషి కన్ను చేసే పని చాలా ఉంది. నీటి రంగు లేత ఆకుపచ్చ నుంచి ముదురు పచ్చకు తిరిగితే మురుగు ఆపాలి, పలచబడితే మళ్లీ వదలాలి. వేకువన చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. పూర్తి సంఖ్యలో చేపపిల్లను వదిలే ముందు కొన్నింటిని వేసి బతుకుతాయో లేదో చూస్తారు. మన చెరువుల్లో శత్రువుగా చూసే గుర్రపుడెక్కను అక్కడ గట్టు వెంబడి వెదురు కట్టి కావాలనే పెంచుతారు. అది అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా కాస్తుంది, వేళ్లతో లోహాలను పీలుస్తుంది, ఎండ మండిపోయే వేళ చేపలకు నీడనిస్తుంది. తెల్లవారకముందే పట్టుబడి అవుతుంది. బతికున్న చేపల్ని వెడల్పాటి అల్యూమినియం హండీల్లో నీళ్లు పోసి వేసుకుని, నీటిలో గాలి కలిసేందుకు దారి పొడవునా అరచేత్తో నీటిని చరుస్తూ వేలం బజారుకు తీసుకెళ్తారు. నగరపు మార్కెట్లకు దగ్గరలో ఉండటం, చేప బతికుండగానే చేరడం, ఈ రెండే భేడీ చేపకు ధర తెచ్చిపెడతాయి. ఏడాదికి వచ్చే పంట 10,000 టన్నులని ఒకచోట, 20,000 టన్నులని ఒకచోట కనిపిస్తుంది. తూకం కన్నా అంచనా మీదే ఎక్కువగా ఆధారపడే ఈ లెక్కల్లో తక్కువ అంకె వైపు మొగ్గడమే క్షేమం.

ఇంత పని జరుగుతున్నా ప్రభుత్వ పటాల్లో దీనికి చాలాకాలం పేరంటూ లేకపోయింది. నగరపు మురుగు చివరికి ఏమవుతోందో చూసే పనిని 1980ల ఆరంభంలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్‌కు అప్పగించింది. కాలువ వెంట వెళ్లిన ఆయనకు శుద్ధి కర్మాగారం కనిపించలేదు, చేపల చెరువులు కనిపించాయి. రైతుల దగ్గర కూర్చుని నేర్చుకున్నదాన్ని శాస్త్రం భాషలో రాసి, పటం గీసి, ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చింది ఆయనే. 1990లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం ఆయనకు గ్లోబల్ 500 పురస్కారం ఇచ్చింది. 2018లో మరణించే దాకా ఆయన ఈ నేల కోసమే పోరాడారు. ఆయన ఇక్కడికి వచ్చేనాటికే చాలా పోయింది. ఉత్తర భాగాన్ని హుగ్లీ ఇసుక మేటతో పూడ్చి 1960లలో సాల్ట్ లేక్ ఉపనగరం కట్టారు. దక్షిణాన కాలనీలు లేచాయి. కొన్ని చెరువులను వరి పొలాలుగా మార్చారు. ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంలో 1992లో కలకత్తా హైకోర్టు ఈ ప్రాంతంలో భూవినియోగం మార్చరాదని తీర్పు చెప్పింది. 2002 ఆగస్టు 19న ఇది చిత్తడి నేలల పరిరక్షణకు ఉద్దేశించిన రామ్‌సర్ ఒప్పందం జాబితాకు ఎక్కింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసింది. ఈ మూడూ లేకుంటే ఈపాటికి మిగిలిన చెరువుల మీద కూడా మేడలు లేచేవి. అయినా చట్టం చెరువు పూడ్చకుండా ఆపగలదే కానీ చేపలు పెంచమని ఎవరినీ బలవంతపెట్టలేదు. గిట్టక వదిలేసిన చెరువు కొన్నాళ్లకు బీడు అవుతుంది, ఆ బీడు మీదికే స్థిరాస్తి వ్యాపారి చూపు పోతుంది.

ఈ పద్ధతిపై అభ్యంతరాలు తేలిగ్గా తోసిపుచ్చదగినవి కావు. మురుగులో పెరిగిన చేప తినొచ్చా అన్నది మొదటిది. రోగకారక క్రిముల సంగతి వరకు, నీరు నిలవడం, ఎండ, బాగా ఉడికించి తినే అలవాటు కలిసి ప్రమాదాన్ని చాలావరకు తగ్గిస్తాయి. లోహాల విషయం వేరు. అవి కుళ్లేవి కావు, ఎండకు పోయేవీ కావు. టాంగ్రా, తిల్జలా, తోప్సియా తోళ్ల కర్మాగారాల నుంచి వచ్చిన క్రోమియం కాలువల మట్టిలో పేరుకుంది. ఆ కర్మాగారాలను తరలించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది, కానీ అవి వెళ్లిన బంతలా కూడా చిత్తడి నేలలకు దూరమేమీ కాదు. చేప కండలో లోహాలు పరిమితికి లోపలే ఉన్నాయని చాలా అధ్యయనాలు తేల్చగా, కొన్ని మించాయని చెప్పాయి. ధాపా కూరగాయల విషయంలో ఆందోళన ఇంకా ఎక్కువ. దీన్ని బట్టి తప్పుపట్టాల్సింది ఇంటి మురుగుతో చేపలు పెంచడాన్ని కాదు, ఇంటి మురుగులో పరిశ్రమల వ్యర్థాన్ని కలపడాన్ని. ఆ రెండింటినీ వేరు చేయాల్సిన బాధ్యత రైతుది కానే కాదు. కూలీల జీతాలు తక్కువ, చెరువుల యాజమాన్యం కొద్దిమంది చేతుల్లో ఉంది అన్న విమర్శ కూడా ఉంది. అది నిజమే. ఈ వ్యవస్థను పొగిడేవాళ్లు దాన్ని తరచుగా దాటవేస్తారు.

మరి అన్ని నగరాలూ ఇలా ఎందుకు చేయవన్నది ఇంకో ప్రశ్న. చేసిన నగరాలు ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరం 1929 నుంచి దశాబ్దాల పాటు మురుగును ఇజార్ నది నీటితో పలచన చేసి కార్ప్ చేపలను పెంచింది. చలికాలంలో అక్కడ అది సాగేది కాదు. వియత్నాంలో హనోయి శివారు థాన్ చీ చెరువులూ ఇలాంటివే, నగరం పెరుగుతున్న కొద్దీ తరిగిపోయాయి. పల్లపు నేల, ఏడాది పొడవునా ఎండ, చేప తినే జనం, చౌకగా దొరికే భూమి నాలుగూ కలవాలి. నాలుగోది ప్రతిచోటా మొదట మాయమవుతుంది. లాభమే నేలను కాపాడుతుందన్న వాదానికి తెలుగు పాఠకులు వెంటనే చూపే ప్రతివాదం కొల్లేరు. అదీ రామ్‌సర్ జాబితాకు అదే 2002 ఆగస్టు 19న ఎక్కింది. అక్కడ చేపల చెరువులే సరస్సును మింగాయి, వాటి కట్టలను తెంచడానికి 2006లో ఆపరేషన్ కొల్లేరు చేపట్టాల్సి వచ్చింది. అక్కడా లాభమే, ఇక్కడా లాభమే. తేడా ఆ లాభం దేని మీద నిలబడిందన్నదానిలో ఉంది. కొల్లేరు చెరువుకు తవుడు, చెక్క, ఎరువులు, మందులు బయటి నుంచి రావాలి, దాని ఎత్తైన గట్లు సరస్సు నీటి దారినే మూసేస్తాయి. భేడీకి కావలసింది నగరం వద్దని పారేసిన నీరే, దాని గట్లు ఆ నీటిని కాసేపు నిలిపి మళ్లీ వదులుతాయి. పైగా కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుంచి ఐసులో పెట్టి పంపే చేప కోల్‌కతా బజార్లలో భేడీ చేపకు గట్టి పోటీ. చౌకగా వచ్చే ఆ సరుకు ముందు భేడీ రైతు నిలవాలంటే మురుగు వేళకు, కావలసినంత అందాలి.

ఇప్పుడు సమస్య అక్కడే ఉంది. కాలువలు పూడి లోతు తగ్గాయి. చెరువుల అడుగునా మట్టి పేరుకుంది. నగరంలో వాననీరు నిలవకుండా కాలువలో మట్టం దించాలని నీటిపారుదల వాళ్లు, చెరువులోకి మురుగు పారేలా మట్టం ఎత్తి ఉంచాలని రైతులు కోరుతుంటారు. తూము దగ్గర అడుగో రెండడుగులో మట్టం తగ్గితే దూరపు భేడీలకు నీరు అందదు. అందని చోట రైతు పంపు పెట్టుకోవాలి, లేదా మేత కొనాలి, లేదా చెరువు వదిలేయాలి. చిత్తడి నేలలను కాపాడాలనుకునేవాళ్లు ముందుగా చేయాల్సిన పనులు రెండు: కాలువల పూడిక తీయించడం, బంతలా లాకు దగ్గర నీటి మట్టాన్ని రైతులతో మాట్లాడి నిర్ణయించడం.