పాదచారి దేహశుద్ధి

దూరయాత్రలు చేసినవారు తాము సేవించిన క్షేత్రములను గూర్చియు, దాటిన నదులను గూర్చియు, త్రోవలో ఎదురైన దొంగలను గూర్చియు ఎంతో విపులముగా వ్రాసిపెట్టిరి గాని, రెండవనాటి మధ్యాహ్నమునకు తొడలు ఒరసికొని, చర్మము లేచిపోయి, అడుగు తీసి అడుగు వేయుట దుర్భరమైన సంగతిని వ్రాసినవారు బహు అరుదు. ఇందుకు లజ్జ కొంత కారణము. వ్రాయనేర్చిన యాత్రికులలో పెక్కురు పల్లకీలమీదను గుఱ్ఱములమీదను పోయినవారగుట మరికొంత కారణము. కొండలకును ఏరులకును వెఱవక సాగిన బాటసారి సైతము అరచేతి వెడల్పున ఎఱ్ఱబారిన చర్మమునకు లొంగి సత్రపు అరుగుమీద కూలబడుట నడచినవారందరు ఎరిగినదే. అట్టి బాధను మానవుడు ఎట్లు గుర్తించెనో, దానికి ఏయే కాలములందు ఏయే ప్రతిక్రియలు కనుగొనెనో పరిశీలించుట పాదచారులకేగాక ప్రజారోగ్య చరిత్రను ప్రేమించువారికిని ఉపయుక్తమని నా నమ్మకము.

చర్మము పొడిగా నున్నంతవరకు కొంత రాపిడిని ఓర్చుకొనును. చెమటచే నానినప్పుడు దాని పైపొర ఉబ్బి మెత్తబడును. తడిసిన చర్మము జారక, ఒకదానినొకటి పట్టుకొని లాగును. చెమట ఆరిన పిమ్మట మిగిలిన ఉప్పు గరుకై ఆ మెత్తని పొరను గీరును. గజ్జలు, చంకలు, స్తనముల క్రింది మడతలు, పిరుదుల నడిమి భాగము, మూటపట్టెలు తగులు భుజములు, మొలత్రాడు బిగిసిన నడుము—ఈ తావులందే బాధ మొదలగును. అచ్చట మురికి చేరెనేని సూక్ష్మజీవులును శిలీంధ్రములును స్థావర మేర్పరచుకొని, ఒక్కదినమున మానవలసిన మంటను పక్షము దినములు పట్టు తామరగా మార్చును. కావున శత్రువులు మూడు: తడి, రాపిడి, మాలిన్యము. ఈ మూడింటిలో దేనితో ముందు పోరవలెనను విషయముననే దేశదేశముల ఆచారములు భేదించినవి.

మన వైద్యులు మాలిన్యమును మొదట పట్టుకొనిరి. సుశ్రుతుడు క్షుద్రరోగములను వర్ణించుచు వృషణకచ్ఛువను వ్యాధిని చెప్పినాడు: స్నానమును నలుగును మానినవానికి మలము మర్మస్థానమున చేరి, చెమటచే నాని, దురద పుట్టించుననియు, గోకినకొలది పొక్కులై రసి కారుననియు ఆయన చూపిన క్రమము నేటి చర్మవైద్యుడు చెప్పుదానికి ఎంత దగ్గరగా నున్నదో గమనింపదగును. మురికి బురద సోకి కాలివ్రేళ్ళ సందులు నాని, దురదయు మంటయు నొప్పియు కలుగుట అలసమనియు, ఎడతెగక తిరుగువాని పాదములు రూక్షములై పగులుట పాదదారి యనియు వేరువేరుగ నిర్ణయించినాడు. పగుళ్ళకు మైనము, క్రొవ్వు, మజ్జ, గుగ్గిలపు పొడి, నెయ్యి కలిపిన లేపము చెప్పబడినది. అలసమునకు పులికడుగుతో కాళ్ళు తడిపి, వేపాకు మున్నగువానిని నూరి పట్టింపవలెనని చెప్పబడినది. పొడిచర్మమునకు క్రొవ్వు, పాసిన చర్మమునకు ఆరబెట్టు చేదుమందు! ఈ వివేకము నేడును పాదచారులలో అందరికి లేదు. చెమటతో నానిన వ్రేళ్ళ సందులలో నూనె పోసి బాధను పెంచుకొనువారిని చూచుచునే యున్నాము. చరకుడు పాదాభ్యంగమును, పాదత్రధారణమును దినచర్యలో చేర్చుటయేగాక, పాదములను మలమార్గములను మాటిమాటికి కడుగుకొనుట ఆయుష్కరమని చెప్పెను.

ఈ శాస్త్రజ్ఞానము నిత్యము నడచువారి జీవితమున ఎట్లు అమలుజరిగెనో తెలిసికొనుటకు బౌద్ధుల వినయపిటకమును మించిన ఆధారము నాకు కానరాదు. భిక్షువులు వర్షాకాలము మినహా తక్కిన మాసములందు ఊరూర సంచరించువారు. వాహనము లేదు, మూటలో మూడు చీవరములకు మించి బట్టలు లేవు. రాజగృహమునొద్ద తపోదమను వేడినీటి బుగ్గలలో భిక్షువులు మితిలేక స్నానమాడుచుండగా బింబిసార మహారాజు వేచియుండవలసివచ్చిన కారణమున, పక్షమునకు ఒక్కసారికంటె హెచ్చు స్నానము కూడదని నియమ మేర్పడెను. కాని ఆ నియమము నిలువలేదు. వేసవి వచ్చెను, సడలింపు. వ్యాధి వచ్చెను, సడలింపు. పనిచేసినవానికి, గాలివానలో చిక్కినవానికి సడలింపు. అర్ధయోజనము నడువబోవువానికిని నడచివచ్చినవానికిని సడలింపు. అవంతీ దక్షిణాపథములవైపు నేల నల్లనిదై, పశువుల గిట్టలచే గట్టిపడి, కాళ్ళను కోయుచుండెనని విన్నవింపగా, ఆ ప్రాంతములందు నిత్యస్నానమునకును పలుపొరల చెప్పులకును అనుజ్ఞ లభించెను. పిలిందవచ్ఛుడను భిక్షువు కాళ్ళు పగిలినప్పుడు పాదలేపమునకు అనుమతి కలిగెను. ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క నొచ్చిన శరీరము కలదు.

వీనిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది బుద్ధుని శిష్యుడైన ఆనందుని ఉపాధ్యాయుడగు బేలట్ఠసీసుని వృత్తాంతము. ఆ వృద్ధునకు దట్టమైన గజ్జివంటి చర్మవ్యాధి కలిగి, రసి కారి, చీవరము ఒంటికి అంటుకొనిపోవుచుండెను. తోడి భిక్షువులు నీళ్ళతో తడిపి తడిపి, మెల్లమెల్లగ బట్టను ఒలిచి తీయుచుండిరి. బుద్ధుడు దానిని స్వయముగా చూచి, దురదయు పుండ్లును గలవారు నాభి మొదలు మోకాలి పైవరకు కప్పు లోవస్త్ర మొకటి ధరింపవచ్చునని ఆజ్ఞాపించెను. దాని కొలతయు నిర్ణయింపబడెను: పొడవు 4 జేనలు, వెడల్పు 2 జేనలు. చర్మమునకును చర్మమునకును నడుమ, చర్మమునకును పైబట్టకును నడుమ, తరచుగా ఉతుకదగిన ఒక పలుచని వస్త్రము నుంచుట—ఇదే తరువాత రెండువేల యేండ్లకుపైగా మానవుడు వెదకి వెదకి మరల చేరుకొనిన పరిష్కారము. నూనెలకును మైనములకును పొడులకును ప్రసిద్ధి హెచ్చుగా దక్కినదిగాని, ఈ విషయమున నిజముగా మేలు చేసినది వస్త్రమే యని నేను భావించుచున్నాను.

పాశ్చాత్యులలో రోముదేశీయుడగు కేటో క్రీ.పూ. 160 ప్రాంతమున రచించిన వ్యవసాయ గ్రంథమున ప్రయాణమునకు బయలుదేరువాడు ఒరపు పుండ్లు కాకుండ మాచిపత్రి జాతికి చెందిన చేదుమొక్క రెమ్మను దగ్గర నుంచుకొనవలెనని వ్రాసినాడు. ఇది రక్షరేకు కట్టుకొనుటవంటిదే యైనను, అంతటి గృహస్థు ఈ చిన్నబాధకు ఒక వాక్యము కేటాయించుట విశేషము. ఉత్తర ఇంగ్లండునందలి విండోలాండా కోటలో దొరకిన, క్రీ.శ. 100 ప్రాంతపు కొయ్యపలకల లేఖలలో ఒకదానియందు, ఒక సైనికునకు మేజోళ్ళును, రెండుజతల చెప్పులును, రెండు లోగోచులును పంపిన ప్రస్తావన యున్నది. కేటో రెమ్మకంటె ఈ లోగోచులే ఆ సైనికునకు ఎక్కువ తోడ్పడియుండును.

మన తెలుగునాట ఈ విద్య పుస్తకములకెక్కక కట్టుబట్టలో నిలిచినది. గోచీ పోసి కట్టిన పంచె రెండు తొడల నడుమ బట్టను నడిపించి చర్మమును చర్మమునకు తగులనీయదు. చెమటను తాను పీల్చుకొనును. మజిలీ చేరినంతనే విప్పి, ఉతికి, చెట్టుకొమ్మమీద ఆరవేయుటకు వీలైనది. పొలములలో వంగి పనిచేయు స్త్రీలును, బరువులు మోసికొని ఊరూర తిరుగు స్త్రీలును చీరను కచ్చపోసి కట్టుటలోని సౌకర్యము ఇదియే. తరువాతి కాలమున నాగరకతపేర వ్యాపించిన లంగామీది చీరకట్టు ఇంటిపట్టున నుండువారికి తగినదేగాని, ఆమడలకొలది నడచువారికి తొడల నడుమ రక్షణను తొలగించినదని చెప్పక తప్పదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి వెడలి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చి, తమ కాశీయాత్రలో ప్రతి మజిలీయందును నీటివసతిని గుర్తించుచు వ్రాసిరి. నడచునట్టి పరిజనులతో పోవువారికి బావియో చెరువో యేరో ఎచ్చట నున్నదనునది దాహమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. స్నానమునకును ఉతుకుటకును సంబంధించినదియును.

పందొమ్మిదవ శతాబ్దిన ఈ జ్ఞానము సైన్యములచేతులకు మారినది. పుండుపడిన కాళ్ళు తూటాలవలెనే దళమును తగ్గించునని సేనాపతులు గ్రహించిరి. జర్మను సైన్యమున వాడుకలోనికి వచ్చిన పాదచూర్ణమున నూటికి 3 పాళ్ళు శాలిసిలిక్ ఆమ్లమును, 10 పాళ్ళు గంజిపిండియు, 87 పాళ్ళు టాల్కును ఉండెడివి. 1912లో అమెరికా సైనికవైద్యుడగు మన్సన్ సైనికుని పాదమును గూర్చియు బూటును గూర్చియు ప్రత్యేక గ్రంథమే రచించెను. 1914–15 శీతకాలమున ఫ్రాన్సు కందకముల నీటిలో నిలిచిన బ్రిటిషు సైనికుల పాదములు కుళ్ళనారంభింపగా, తిమింగిలపు నూనె మర్దనయు, దినదినము పొడి మేజోళ్ళు మార్చుటయు ఆజ్ఞలైనవి. వియత్నాం యుద్ధమున మెకాంగ్ నదీముఖ భూములలో అమెరికా సైన్యము మరల ఇదే పాఠము నేర్చుకొనవలసివచ్చెను: రెండుదినములు నీటిలో నడచిన దళమును బయటికి తెచ్చి పాదములు ఆరనిచ్చినగాని చర్మము నిలువలేదు. ఆరబెట్టుటకు సమానమైన ఔషధము లేదని తెలిసికొనుటకు అన్ని పాదములు బలియైనవి.

లేపనముల చరిత్రలో 1872వ సంవత్సరము ముఖ్యమైనది. 1859లో అమెరికాలోని టైటస్‌విల్ నూనెబావులను చూడబోయిన ఛీస్‌బ్రో అను రసాయనజ్ఞుడు, పంపుకడ్డీలకు అంటుకొను మైనమువంటి జిడ్డును పనివాండ్రు కోతలకును కాలిన గాయములకును పూసికొనుట చూచి, దానిని శుద్ధిచేసి, వాజిలైను పేర 1872లో హక్కుపత్రము పొందెను. పాదచారికి ఇది మంచి సహాయమే. నూనె చర్మములోనికి ఇంకిపోవును. ఇది పైననే నిలిచి జారుడు కల్పించును. అయినను చెమటలో నాలుగైదు గంటలు నడచునప్పటికి ఇదియు తుడిచిపెట్టుకొనిపోవును. పైగా దుమ్మును పట్టియుంచును. కడుగక దానిమీదనే మరల పూయుట మురికిని మూతవేయుటయే యగును.

అందుచేతనే చివరకు భారము వస్త్రముమీదనే పడినది. 1880 ప్రాంతమున స్టుట్‌గార్ట్ నగరపు జంతుశాస్త్రజ్ఞుడు గుస్తావ్ యేగర్ ఒంటికి తగులు బట్టలన్నియు ఉన్నితో నుండవలెనని వాదించెను. ఆయన సిద్ధాంతములలో అతిశయము లేకపోలేదుగాని, ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను పీల్చుకొనియు తడిగా తోచదనుట నిజము. నూలుబట్ట విషయము వేరు. ఎండలో చల్లదన మిచ్చును, ఉతుకుటకు సులభము. కాని ఒకసారి తడిసినదేని బరువెక్కి, ఒంటికి అంటుకొని, త్వరగా ఆరదు. కావున నూలునే కట్టువాడు రెండుజతలు తెచ్చుకొని, ఒకటి ధరించి ఒకటి ఆరవేయుచు పోవలెను. నీటిని దాదాపు పీల్చనే పీల్చని పాలీప్రొపిలీను లోదుస్తులు 1970 దశకమునుండి పర్వతారోహకులలో వ్యాపించెను. 1958లో డ్యూపాంట్ సంస్థయందు జోసెఫ్ షివర్స్ సృష్టించిన సాగెడు పోగు, స్పాండెక్సు, ఒంటికి అంటియుండు పొట్టి లాగులకు ఆధారమైనది. అట్టి లాగును మోకాలి పైవరకు ధరించిన పాదచారికి రాపిడి బట్టకును బట్టకును నడుమ జరుగునుగాని చర్మమునకు సోకదు. నాభి మొదలు మోకాలి పైవరకు! బేలట్ఠసీసుని లోవస్త్రపు మేర యిదియే.

బట్టతోపాటు బసయు, నడచు వేళయు గమనింపవలసినవే. 1930 మార్చి 12న సబర్మతినుండి బయలుదేరి దండివరకు 240 మైళ్ళకు పైబడి నడచిన సత్యాగ్రహులలో యువకులే కాళ్ళు బొబ్బలెక్కి అవస్థపడుచుండగా, అరువదియొకటవ యేట నున్న గాంధీజీ వేగము తప్పక నడచిరి. ముందుగా విద్యార్థిదళ మొకటి పోయి గ్రామములందు బసను పారిశుద్ధ్యమును చూచుచుండెను. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో భూదానమును మొదలుపెట్టిన వినోబాజీ సంవత్సరముల తరబడి సాగించిన పాదయాత్ర తెల్లవారుజామున ఆరంభమై ఎండ ముదురకముందే ముగియుచుండెడిది. చెమట పట్టక మునుపే నడక ముగించుటకంటె గొప్ప లేపన మేమున్నది?

ఇందుకు భిన్నముగా, బసగాని గ్రామముగాని లేని అడవిలో నెలలతరబడి నడచు పద్ధతి అమెరికాలో ప్రబలినది. జార్జియానుండి మెయిన్‌వరకు 3,500 కిలోమీటర్లకు పైబడిన అపలేషియను మార్గమును 1948లో ఎర్ల్ షేఫర్ ఒక్క యాత్రగా నడచెను; 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను అరువదియేడేండ్ల వృద్ధురాలు గుడ్డబూట్లతో నడచెను. అట్టివారి వెనుక వేలజనము రాగా క్రొత్త చిక్కు కలిగెను: యాత్రికుడు తన దేహమును శుద్ధిచేసికొనుచు ఏటిని మలినపరచుచున్నాడు. దీనినుండియే నేటి నియమములు పుట్టినవి. సబ్బును ప్రవాహములో వాడరాదు. చెంబుతో నీరు ముంచుకొని, 60 మీటర్లు ఎడముగా పోయి, నేలమీదనే కడుగుకొనవలెను. మట్టిలో జీర్ణించి నశించు సబ్బు సైతము నీటిలో సులభముగా నశింపదు. మలవిసర్జనకు 15 నుండి 20 సెంటీమీటర్ల లోతు గుంట త్రవ్వి పూడ్వవలెను. వాంతులు విరేచనములు వ్యాపింపజేయు నోరోవైరసువంటి క్రిములకు చేతులకు రాచుకొను సారాయి ద్రవములు చాలవు; సబ్బును నీరునే వాడవలెను. ఒక్క చెంబెడు నీటితో మొదట ముఖము, పిదప చంకలు, పిదప గజ్జలు, కడపట పాదములు తుడిచికొని, పూర్తిగా ఆరిన పిమ్మటనే శుభ్రమైన బట్ట కట్టి నిద్రించినవాని చర్మము తెల్లవారునప్పటికి చాలవరకు కోలుకొనును.

ఉగాదికి కన్నడదేశమునుండి నల్లమల దాటి శ్రీశైలమునకు నడచివచ్చువారిని, అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరువారిని, దీక్షపూని శబరిమలకు పోవువారిని తలచుకొని ఒక్క మనవి చేయుచున్నాను. బాటల వెంబడి చలిపందిళ్ళు వేయు ధర్మాత్ములు, మజ్జిగతోను అన్నముతోను పాటు, స్త్రీలకు వేరుగా నాలుగు తడకలు కట్టిన మరుగును, రెండు తొట్ల నీటిని, ఒక సబ్బుబిళ్ళను ఏర్పాటుచేయుదురు గాక. ఆ నీరు ఏటిలో కలియక నేలలో ఇంకునట్లు గుంట యొకటి త్రవ్వింతురు గాక.