ఈతలో కాలు పట్టేయడం

ఈదుతుండగా పిక్క, పాదం లేదా తొడ కండరం ఉన్నట్టుండి బిగుసుకుని మాట వినకపోవడాన్ని కాలు పట్టేయడం అంటారు. కొంకర్లు పోవడం అన్నా ఇదే. కొన్ని సెకన్లలో లేదా కొద్ది నిమిషాల్లో తనంతట తానే వదులుతుంది. గట్టు మీదైతే ఓర్చుకుంటే సరిపోతుంది. లోతు నీళ్ళలో మనిషి హడలిపోయి, నిటారుగా నిలబడబోయి, చేతులు పైకెత్తి కొట్టుకుంటాడు. మునిగేది అప్పుడే.

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో రాజోలు ప్రాంతం గోదావరి పాయలైన వశిష్ఠ, వైనతేయల నడుమ ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట నీరు గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి ఇక్కడి కాలవల్లోకి వస్తుంది. పిల్లలు ఈత నేర్చేది ఈ కాలవ రేవుల్లోనే. డొక్క ఒలవని ఎండు కొబ్బరికాయలు రెండు తీసుకుని, ఒక్కోదానికి కాస్త పీచు చీల్చి, ఆ పీచులనే కలిపి ముడేస్తారు. ముడి ఛాతీ కిందికి, కాయలు చంకలకు అటూ ఇటూ వచ్చేలా పడుకుంటే మనిషి తేలతాడు. వేసవిలో కాలవలు కట్టేస్తే ఈత ఆగిపోతుంది. జూన్‌లో నీళ్ళు వదలగానే అలవాటు తప్పిన కాళ్ళతో ఒక్కసారిగా గంటల కొద్దీ ఈదేస్తారు. పిక్కలు పట్టేయడానికి అంతకన్నా అనువైన అదను ఉండదు.

కారణం మీద శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. చెమటతో ఉప్పు, నీరు పోవడం వల్లనన్నది పాత వాదం; వేడిలో పనిచేసే గని కార్మికులను చూసి పుట్టింది. అలసిన కండరానికి నరాల నుంచి వెళ్ళే ఆజ్ఞల్లో తూకం తప్పడం వల్లనన్నది 1990ల నుంచి బలపడిన వాదం. కండరాన్ని బిగించే సంకేతాలు పెరుగుతాయి, స్నాయువు నుంచి వచ్చే ‘ఇక చాలు’ అనే సంకేతం తగ్గుతుంది. ఈతగాళ్ళ విషయంలో ఈ రెండోదే ఎక్కువ నప్పుతుంది. కాళ్ళాడించేటప్పుడు వేళ్ళు వెనక్కి చాచి ఉంచుతాం కాబట్టి పిక్క అప్పటికే కురచై ఉంటుంది. కురచైన కండరాన్ని పదే పదే బిగిస్తే పట్టేస్తుంది. చన్నీళ్ళు, నిద్రలేమి తోడైతే మరీను.

విరుగుడు కూడా అందులోనే ఉంది: బిగిసిన కండరాన్ని ఎదురు దిశకు సాగదీయాలి. ముందు ఈదడం ఆపి వెల్లకిలా తిరగాలి. చెవులు నీళ్ళలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి నిండా పీల్చి, అరచేతులతో నీటిని మెల్లగా తోస్తూ తేలాలి. పట్టింది పిక్కయితే మోకాలు చాచి, మడమను ముందుకు తోస్తూ, వేళ్ళను మోకాలి వైపు లాక్కోవాలి. మోకాలు వంచితే ఫలితం సగమే. పిక్కలోని పెద్ద కండరం మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా దిగుతుంది, మోకాలు వంగగానే వదులైపోతుంది. చేత్తో వేళ్ళు అందుకోవాలంటే గుండెల నిండా ఊపిరి పట్టి, ముఖం నీళ్ళలో పెట్టి ముందుకు వంగాలి. అరికాలు పట్టేస్తే బొటనవేలిని పైకి లాగాలి. తొడ ముందు భాగమైతే మడమను పిరుదుకు తెచ్చుకోవాలి, వెనక భాగమైతే కాలు చాచాలి. వదిలాక అదే కాలితో మళ్ళీ గట్టిగా తన్నకూడదు, వెంటనే తిరగబెడుతుంది. చేతులతోనే ఒడ్డు చేరాలి.

ఎటు చేరాలన్నది నీటిని బట్టి ఉంటుంది. కాలవలో వాలుకు పోతూ ఏటవాలుగా గట్టుకు జరగాలి. దిగిన రేవుకే ఎదురీదాలనుకోవడం తెలివితక్కువ. పాయల సంగతి వేరు. అంతర్వేది, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే ఈ పాయల్లో పోటు, పాటు ఉంటాయి. పాటు సమయంలో నీరు సముద్రం వైపు లాగుతుంది. అక్కడ తేలుతూ చెయ్యి ఊపి పడవవాళ్ళను పిలవడమే మేలు.

దూరపు ఈతల్లో ఆ వీలూ లేదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధిని ఈదారు. అలాంటి ఈతల్లో వెంట పడవ వస్తున్నా దాన్ని పట్టుకుంటే ఈత చెల్లదు. పట్టేసిన కాలిని నీళ్ళలోనే బాగుచేసుకోవాలి.

గట్టున ఉన్నవాళ్ళు దూకకూడదు. మునుగుతున్నవాడు దొరికినవారి మెడ పట్టుకుంటాడు. గెడ, తువ్వాలు, చీర అందించవచ్చు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, కొబ్బరికాయల జత విసరవచ్చు.

తిని ఈదితే కాళ్ళు పట్టేస్తాయని మన పెద్దలే కాదు, అమెరికాలో పెద్దలూ అంటారు. తిని ఈదడం వల్ల మునిగే ప్రమాదం పెరుగుతుందనడానికి ఆధారం లేదని అమెరికన్ రెడ్‌క్రాస్ నిపుణులు 2011లో తేల్చారు. నిండు కడుపుతో ఈత ఆయాసమే తప్ప అపాయం కాదు. 2010లో అమెరికాలోనే జరిగిన ఒక ప్రయోగంలో దోసకాయలు ఊరబెట్టిన పుల్లని ఉప్పునీరు తాగినవారికి, మామూలు నీళ్ళు తాగినవారికన్నా ముందే పట్టు వదిలింది. ఆ ఉప్పు నెత్తురులో కలిసేలోపే వదిలింది కాబట్టి, గొంతుకు తగిలిన పులుపే నరాలను శాంతింపజేసి ఉంటుందని పరిశోధకులు భావించారు. మన ఆవకాయకు ఈ గుణం ఉందో లేదో ఎవరైనా చూడాల్సిందే.

పట్టు వదిలాక ఒకట్రెండు రోజులు పిక్క సలుపుతుంది. గోరువెచ్చని కాపడం, నెమ్మదిగా నడవడం చాలు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారికి, గర్భిణులకు తరచూ పట్టేస్తుంటే వైద్యులకు చెప్పాలి. ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, నొప్పి తగ్గకపోతే అది ఈత తాలూకు పట్టు కాకపోవచ్చు. లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టినా అలాగే ఉంటుంది, ఆ కాలిని మర్దన చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.