బ్యాంక్సియాకు పెరట్లో చోటు

సిడ్నీలో మనవాళ్ల పెరళ్లలో కరివేపాకు ఉంటుంది, మందారం ఉంటుంది, కుదిరితే మల్లె ఉంటుంది. ఆ నేలలోనే పుట్టిన బ్యాంక్సియా మాత్రం అరుదు. నాకది బాధ.

1770లో కెప్టెన్ కుక్ ఓడ బోటనీ బేలో ఆగినప్పుడు అందులో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞులు జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ ఒడ్డంతా తిరిగి కొమ్మలూ పూలూ సేకరించారు. వాటిలో ఈ చెట్టువీ ఉన్నాయి. 1782లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కొడుకు ఈ జాతికి బ్యాంక్స్ పేరు పెట్టాడు. ఆ పేరుకు వేల ఏళ్ల ముందునుంచే ఆదివాసులకు ఈ పూలు తెలుసు. నీళ్లలో నానబెట్టి ఆ తియ్యటి నీళ్లు తాగేవాళ్లు.

ఇంగ్లండులో దీన్ని గాజుగదుల్లో మోజుపడి పెంచారు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తెల్లవాళ్లు మాత్రం ఇళ్లముందు గులాబీలే నాటుకున్నారు. 1918లో మే గిబ్స్ రాసిన పిల్లల కథలో దుర్మార్గులు బ్యాంక్సియా మనుషులే! ఎండిన కాయను దగ్గరగా చూస్తే ఆమెకు ఆ ఊహ ఎందుకొచ్చిందో తెలుస్తుంది. నూగుతో గరుకుగా ఉన్న బొండు నిండా విచ్చుకున్న నోళ్లు, దళసరి పెదవులు. చాలా రకాల్లో అడవి అంటుకున్నప్పుడు ఆ వేడికి ఈ నోళ్లు తెరుచుకుని గింజలు రాలతాయి. బూడిదలోంచి మళ్లీ మొలకలొస్తాయి. అంతటి మొండి చెట్టును విలన్ని చేశారు.

1957లో ఆర్థర్ స్వాబీ అనే ఆయన చొరవతో మెల్‌బోర్న్‌లో స్వదేశీ మొక్కల పెంపకందార్లు సంఘం పెట్టుకున్నారు. గింజలు పంచుకున్నారు, ఏది బతికిందో ఏది చచ్చిందో రాసుకున్నారు. బ్యాంక్సియాను పెరటి మొక్కగా నిలబెట్టింది ఇలాంటి మామూలు మనుషుల ఓపికే అని నా నమ్మకం.

మనం మొక్క డీలాపడితే గుప్పెడు డీఏపీ చల్లుతాం. బ్యాంక్సియాకు అందులోని భాస్వరమే విషం. ఆస్ట్రేలియా పాత నేలల్లో భాస్వరం బహు తక్కువ. అందుకే దీని వేళ్లు దట్టమైన కుచ్చుల్లా పెరిగి, ఆమ్లాలు వదిలి, ఉన్న కాస్త భాస్వరాన్నీ కరిగించి లాక్కుంటాయి. ఎక్కువ దొరికితే వద్దనడం వాటికి చేతకాదు. ఆకులు పాలిపోయి, అంచులు మాడి, చెట్టే పోతుంది.

సిడ్నీలో ఇల్లు కొనుక్కున్నవాళ్లకు నా మనవి: బ్యాంక్సియాలో ఎరికిఫోలియా రకం ఒక్కటి నాటండి. పడమటి శివార్లది జిగట మన్ను కాబట్టి ఇసుక కలిపి మిట్ట చేయండి. ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలవకూడదు. వేరు కుదురుకునేదాకా నీళ్లు పోయండి. భాస్వరం ఉన్న ఎరువు మాత్రం దాని దరిదాపులకు రానివ్వకండి.