హుసేన్ బొమ్మలు, హైదరాబాద్ గోడలు

ప్రముఖ చిత్రకారుడు మక్బూల్ ఫిదా హుసేన్ (1915-2011) పుట్టింది మహారాష్ట్రలోని పంఢర్‌పూర్‌లో. పేరు తెచ్చుకున్నది బొంబాయిలో. అయితే ఆయన జీవితంలో బాగా చర్చ జరిగిన రెండు పనులకు హైదరాబాద్‌తోనే ముడి ఉంది. ఒకటి రామాయణం బొమ్మలు, రెండోది ‘మీనాక్షి’ సినిమా. ఒకదాన్ని గీయమన్నది ఒక హిందూ సోషలిస్టు నాయకుడు. రెండోదానికి అభ్యంతరం చెప్పింది ముస్లిం సంస్థలు. ఆయన గురించి ఇంట్లో మాట వచ్చినప్పుడు ఈ రెండూ కలిపి చెప్పుకుంటేనే సంగతి పూర్తిగా అర్థమవుతుంది.

సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టిన హుసేన్ చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నారు. బరోడాలో మదర్సాలో చదువుతూ ఖత్తాతీ నేర్చుకున్నారు. ఆయన గీతల్లో కనిపించే ఆ వేగం, వంపు అక్కడి నుంచే మొదలైందని చెప్పొచ్చు. బొంబాయి వచ్చాక పొట్టకూటి కోసం సినిమా హోర్డింగులు వేశారు. అబిడ్స్‌లో జమర్రుద్ మహల్ లాంటి టాకీసుల ముందు చేత్తో వేసిన పెద్ద పెద్ద బ్యానర్లు చూసిన పాత తరానికి ఈ పని ఎంత కష్టమో తెలుసు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పెయింటర్లకు పని పోయింది. 1990ల్లో కంప్యూటర్ మీద ఉర్దూ అక్షరాలు వచ్చాక పత్రికల్లో కాతిబ్‌ల సంగతీ అంతే. వాళ్లను ఆర్టిస్టులని ఎవరూ పిలవలేదు. అదే చేయి, అదే బ్రష్షు పట్టుకున్న హుసేన్‌ను మాత్రం దేశం పద్మవిభూషణ్ (1991) దాకా తీసుకెళ్లింది.

హైదరాబాద్‌లో ఆయనకు అండగా నిలిచింది బద్రీవిశాల్ పిత్తి. నిజాం కాలం నాటి సంపన్న మార్వాడీ కుటుంబం ఆయనది, రాజకీయాల్లో మాత్రం సోషలిస్టు. ‘కల్పన’ అనే హిందీ సాహిత్య పత్రికను ఇక్కడి నుంచే నడిపారు. 1960ల్లో రామ్‌మనోహర్ లోహియా హుసేన్‌తో ఓ మాట అన్నారు. టాటా, బిర్లాల డ్రాయింగ్ రూముల్లో ఎన్నాళ్లు ఉంటావు, జనానికి తెలిసిన రామాయణం గీయి, అన్నది దాని సారాంశం. హుసేన్ వాల్మీకిని, తులసీదాసును చదివించుకుని, పండితులను అడిగి తెలుసుకుని మరీ గీశారు. ఎనిమిదేళ్లలో దాదాపు 150 బొమ్మలయ్యాయని ఆయనే చెప్పుకునేవారు. వాటిని ఎడ్ల బండ్ల మీద హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి చూపిస్తే, ఇదేమిటి అదేమిటి అని ఒక్కరూ నిలదీయలేదని కూడా అనేవారు.

నిలదీయడం తర్వాత మొదలైంది. ఎప్పుడో 1970ల్లో గీసిన సరస్వతి బొమ్మ 1996లో ఒక హిందీ పత్రికలో రావడంతో కేసులు పడ్డాయి. 1998లో ముంబైలో ఆయన ఇంటిపై దాడి జరిగింది. 2006లో ‘భారత మాత’ పేరుతో ప్రచారమైన బొమ్మపై మళ్లీ గొడవ. హుసేన్ దేశం వదిలి వెళ్లారు. ఆ కేసులను ఢిల్లీ హైకోర్టు 2008 మేలో కొట్టేసింది. కళను కళగా చూడాలని జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తీర్పులో వివరించారు. అయినా ఆయన తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు, 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు. తీర్పు గెలిచిన మనిషికి కూడా ఇల్లు దక్కలేదు.

‘మీనాక్షి’ 2004లో విడుదలైంది. కథ హైదరాబాద్‌లో ఉండే ఒక ఉర్దూ నవలా రచయితది. హీరోయిన్ టబూ కూడా హైదరాబాదీయే. సూరె నూర్ 35వ ఆయత్‌లోని మాటలను ఒక పాటలో వాడారని ఉలేమా సంస్థలు అభ్యంతరం చెప్పాయి. కొద్ది రోజుల్లోనే సినిమాను థియేటర్ల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ మాటలు ఖవ్వాలీల్లో, నాత్‌లలో వినపడేవేగా అన్నది ఒక వాదన. అల్లా నూర్ గురించి చెప్పిన మాట ఒక స్త్రీ అందానికి ఎలా వాడతారన్నది రెండోది. దీన్నీ బొమ్మల మీద కేసులనూ ఒకే గాటన కట్టడం సరికాదు. ఇక్కడ ఇంటిపై దాడి లేదు, కోర్టు లేదు, అడిగారు, ఆయన తీసేశారు. కానీ ఆ పాటను పూర్తిగా విని అభ్యంతరం చెప్పినవాళ్లు ఎందరన్నది వేరే ప్రశ్న.

కళ ఎక్కడో బంజారాహిల్స్ గ్యాలరీల్లో ఉంటుందని అనుకుంటాం గానీ, నాంపల్లి ఈ విషయంలో తక్కువేం కాదు. 1938లో నుమాయిష్ మొదలైంది బాగె ఆమ్‌లోనే. 1946లో ఇప్పుడున్న గ్రౌండ్స్‌కు మారింది. బాగె ఆమ్‌లోని స్టేట్ మ్యూజియంలో పాత శిల్పాలు, నాణేలు, చేతిరాత గ్రంథాలు ఉన్నాయి. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని సరోజినీ నాయుడు ఇల్లు ‘గోల్డెన్ థ్రెషోల్డ్’లోనే 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది. ఇప్పుడు ఆ యూనివర్సిటీలోని కళల విభాగానికి ఆమె పేరే ఉంది. ఉర్దూ కవి షాజ్ తమ్కనత్ కొడుకు ఫవాద్ తమ్కనత్ కూడా ఈ నగరం చిత్రకారుడే. తండ్రి కలం పట్టారు, కొడుకు కుంచె పట్టారు.

పిల్లల్లో ఎవరికైనా చేయి తిరిగి ఉంటే నాంపల్లికి దగ్గర్లోనే మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ తర్వాత బీఎఫ్ఏలో చేరొచ్చు, కోర్సు నాలుగేళ్లు. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. ఎఫ్ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో బొమ్మ గీయడం కూడా ఉంటుంది. ఖత్తాతీ వచ్చిన పిల్లలకు అప్లైడ్ ఆర్ట్‌లో అక్షరాల డిజైన్ పని కొత్తగా ఏమీ అనిపించదు.