ఆధారాలు లేని స్త్రీలు

విజ్ఞాన సర్వస్వం అనగానే అది అందరి సొత్తు అనీ, ఎవరి పక్షమూ వహించదనీ మనం సులువుగా నమ్మేస్తాం. ఏది విజ్ఞానం, ఎవరు తెలుసుకోదగిన మనుషులు అన్న నిర్ణయం జరిగాకే ఏ సర్వస్వమైనా పుడుతుంది. ఆ నిర్ణయం చేసేవారికి ఒక సమాజం ఉంటుంది, ఆ సమాజానికి అలవాట్లుంటాయి. ఎవరైనా రాయవచ్చునని తలుపులు తెరిచిన వికీపీడియా కూడా ఇందుకు మినహాయింపు కాదు.

2018 అక్టోబర్ 2న భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ముగ్గురు విజేతల్లో ఒకరు కెనడా శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గోపెర్ట్ మేయర్ తర్వాత ఈ బహుమతి అందుకున్న మూడవ స్త్రీ ఆమె. పరిశోధక విద్యార్థినిగా ఉండగా, తన గురువు జెరార్ మూరూతో కలిసి 1985లో ప్రకటించిన లేజర్ పద్ధతికే ఈ గౌరవం దక్కింది. గురువును గురించి ఇంగ్లీషు వికీపీడియాలో ఏళ్ల తరబడి వ్యాసం ఉంది. ఆమెను గురించి మాత్రం ఆ ఉదయం దాకా లేదు. ఎవరూ రాయకపోవడం వల్ల కాదు. అదే ఏడాది మే నెలలో ఒకరు రాసి పంపితే, ఆమె ప్రాముఖ్యాన్ని నిరూపించే ఆధారాలు చాలవని తిప్పి పంపారు. అప్పటికే ఆమె 2013లో అమెరికాలోని ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలిగా పనిచేసి ఉన్నారు!

తిప్పి పంపిన వ్యక్తిని నిందించి ఊరుకోవడం తేలిక. కాని అతను నియమాన్నే పాటించాడు. ఒక వ్యక్తిని గురించి ఇతరులు స్వతంత్రంగా రాసిన రచనలుంటేనే ఆ వ్యక్తికి వ్యాసం. నియమం చెడ్డది కాదు. అది లేకపోతే డబ్బున్న ప్రతివాడూ తన భజన తానే రాయించుకుంటాడు. చిక్కల్లా ఆ "ఇతరుల" దగ్గరే ఉంది. పత్రికలు పట్టించుకోలేదు, సంస్థలు సన్మానించలేదు, జీవిత చరిత్రకారులు రాయలేదు. ఆ నిర్లక్ష్యమంతా పోగై చివరికి "ఆధారాలు లేవు" అనే అమాయకమైన మాటగా మారుతుంది. అన్యాయం నియమం రూపంలో వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టడం కష్టం.

ఈ కష్టాన్ని గుర్తుపట్టినవారు జీతం లేని కార్యకర్తలే. అమెరికాలో విద్యార్థినిగా ఉన్న ఎమిలీ టెంపుల్-వుడ్ 2012లో శాస్త్రవేత్తలైన స్త్రీల వ్యాసాల కోసం ఒక బృందాన్ని ప్రారంభించింది. తనకు వేధింపు ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ఒక స్త్రీ శాస్త్రవేత్తపై వ్యాసం రాయాలని నిశ్చయించుకుంది. 2015లో "విమెన్ ఇన్ రెడ్" బృందం ఏర్పడింది. ఇంకా రాయని వ్యాసాల పేర్లు వికీపీడియాలో ఎర్రగా కనిపిస్తాయి. వాటిని నీలం చేయడమే ఆ బృందం పని. లండన్ ఇంపీరియల్ కాలేజీలోని భౌతికశాస్త్రజ్ఞురాలు జెస్ వేడ్ 2018 నుంచి రోజుకొక వ్యాసం లెక్కన వేయికి పైగా రాసింది. ఆమె రాసిన వాటిలో క్లారిస్ ఫెల్ప్స్ వ్యాసం ఒకటి. 117వ మూలకాన్ని కనుగొనడానికి కావలసిన బెర్కీలియాన్ని శుద్ధిచేసిన బృందంలో పనిచేసిన నల్లజాతి శాస్త్రవేత్త ఆమె. ఆ వ్యాసాన్ని 2019లో తొలగించారు. వాదోపవాదాల తర్వాత 2020లో తిరిగి నిలబెట్టారు. ఇంత శ్రమ తర్వాత ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీల వాటా సుమారు 15 శాతం నుంచి 20 శాతానికి చేరింది. ఇప్పటికీ ఐదుగురిలో నలుగురు పురుషులే.

ఈ కృషికి ఒక హద్దుంది. విభా చౌధురి (1913–1991) 1940ల తొలి సంవత్సరాల్లోనే డి.ఎం. బోస్‌తో కలిసి ఫొటోగ్రాఫిక్ ఫలకాలతో విశ్వకిరణాలను పరిశోధించి "నేచర్" పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఆమెపై పుస్తకం వచ్చింది 2018లో, చనిపోయిన 27 ఏళ్లకు. సర్వస్వంలో రాసే కార్యకర్త పుస్తకంలో ఉన్నదాన్ని చేర్చగలడే గాని, పుస్తకాన్నే పుట్టించలేడు. తొలి అడుగు వేయవలసింది రచయిత.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాకూడదు. మన తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావును అందరూ ఎరుగుదురు. ఆ పని సగంలో ఉండగానే 1923లో ఆయన కన్నుమూశారు. ఆయన కంటే ముందే ఆయన అక్క భండారు అచ్చమాంబ (1874–1905) "అబలా సచ్చరిత్ర రత్నమాల" పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాసింది. బడికి వెళ్లి చదివినది కాదు. స్త్రీలకు బుద్ధి లేదనే వాదానికి జవాబుగా, ఉదాహరణలు పోగుచేసి చూపించింది. అంటే తమ్ముడు విజ్ఞానాన్ని అకారాదిగా పేర్చడానికి ముందే, ఆ వరుసలో చేరవలసిన పేర్లకు అక్క ఆధారాలు సిద్ధం చేసింది. అలాంటి రచయిత్రికి మన సాహిత్య చరిత్ర ఏం చేసింది? 1902 నాటి ఆమె "ధనత్రయోదశి"ని పక్కన పెట్టి, తెలుగు కథ 1910లో గురజాడ "దిద్దుబాటు"తోనే పుట్టిందని దశాబ్దాలపాటు పాఠం చెప్పింది. ఆ పాఠం తరగతి గదిలో నేనూ చెప్పాను. పాత పత్రికలు తిరగేసిన పరిశోధకులు ఆమె కథలను బయటికి తెచ్చాక గాని చర్చ మొదలు కాలేదు. గురజాడ గొప్పతనం దీనివల్ల తగ్గదు. మన అజ్ఞానం ఎంతటిదో మాత్రం తెలుస్తుంది.

2003లో మొదలైన తెలుగు వికీపీడియా కూడా జీతం లేని శ్రమతోనే పెరుగుతున్నది. అందులో రాయడం మంచి పని. కాని మన జిల్లాల్లో సైన్సు చెప్పిన తొలి స్త్రీలు, ప్రయోగశాలల్లో పనిచేసి పరిశోధన పత్రాల్లో పేరు లేకుండా పోయినవారు, వైద్యులు, నర్సులు ఇంకా ఏ పుస్తకంలోనూ లేరు. వారిలో కొందరు బతికే ఉన్నారు. సాహిత్య విద్యార్థి ఒకరు ఒక సాయంత్రం వెళ్లి, అడిగి, తేదీలు సరిచూసి, రాసి అచ్చువేయిస్తే అదే రేపటికి ఆధారం. ఆ పని మనం చేయకపోతే, రేపు ఎవరో మళ్లీ నియమం ప్రకారమే "ఆధారాలు లేవు" అంటారు. అప్పుడు తప్పు వారిది కాదు, మనది.