హైదరాబాద్ సిటీ పోలీస్: ఒకే ఏడాది రెండు కప్పులు

పిల్లలూ, మన ఒడిశా ఎఫ్‌సీ 2023లో సూపర్ కప్ గెలిచిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. డెబ్బై ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో అంతకంటే గట్టి జట్టు ఒకటుండేది. పేరు హైదరాబాద్ సిటీ పోలీస్.

1950లో ఈ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్, ఢిల్లీలో డ్యూరండ్ కప్ రెండూ గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకునే రోజులవి. డ్యూరండ్ ఫైనల్లో ఎదుట ఆ కలకత్తా మోహన్ బగానే! మొదటిసారి 1–1తో తేలలేదు. మళ్లీ ఆడించారు, ఈసారి 1–0, కప్పు హైదరాబాద్‌ది. రోవర్స్ కప్‌నైతే 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు.

ఈ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. తల్లిదండ్రులు ఇది గమనించాలి: ఆయన ఉస్మానియాలో డిగ్రీ చదివిన బడి మాస్టారు. చదువా, ఆటా అనే తగువు మన ఇళ్లలో రోజూ ఉండేదే. ఆయన రెండూ నడిపారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది.

వాటం లేని కాలితోనే బంతి తన్నాలని షరతు పెట్టి ఆయన పోటీలు ఆడించేవారు. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితోనే ఆడాలన్నమాట. ఆటల పీరియడ్‌లో పది నిమిషాలు మీరూ అలా ఆడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.