హ్యాండ్స్‌ఫ్రీ కిట్టు (కారు)

బండి నడిపేవారు ఫోను చేత్తో పట్టుకోకుండా మాట్లాడటానికి కారులో అమర్చే సరంజామాను హ్యాండ్స్‌ఫ్రీ కిట్టు అంటారు. మైకు, స్పీకరు, మాటలోని రొదను తగ్గించి అటూ ఇటూ పంపే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, వీటికి కరెంటు తెచ్చే వైర్లు ఇందులో ప్రధాన భాగాలు. విడిగా అమ్మే కిట్ల స్థానంలో ఇప్పుడు ఎక్కువగా బ్లూటూత్ ఉన్న స్టీరియోలే కనిపిస్తాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం ప్రాంతాలు కలిసిన పశ్చిమ ప్రకాశంలో ఈ పరికరం పనితనం మూడింటి మీద ఆధారపడుతుంది: నల్లమలలో సిగ్నల్, వేసవి ఎండ, బిగించినవారి వైరింగు. వీటిలో మూడోదాని గురించే ఎక్కువ చెప్పవలసి ఉంది.

నేపథ్యం

కారు ఫోను సెల్‌ఫోను కంటే పాతది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1946 జూన్ 17న బెల్ సంస్థ మొదలుపెట్టిన సేవను సాధారణంగా తొలి కారు ఫోనుగా చెబుతారు. పోలీసు వైర్‌లెస్ సెట్లను కూడా కలుపుకునేవారు ఇంకా వెనక్కి వెళతారు గాని, టెలిఫోను ఎక్స్ఛేంజీతో కలిసేదాన్నే ఫోను అనుకుంటే 1946ను తీసుకోవడమే సబబు. భారతదేశంలో తొలి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31 నాటిది. కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. బీఎస్ఎన్ఎల్ సెల్ సేవలు 2002 అక్టోబరు 19న మొదలయ్యాయి. పశ్చిమ ప్రకాశం పట్టణాలకు ప్రైవేటు కంపెనీల సిగ్నల్ అంతకు కొంత ముందే అంది ఉండవచ్చు. అయినా కారులో కిట్టు పెట్టుకోవలసినంత వాడకం ఆ తర్వాతి కాలానిదే అనుకోవాలి.

తొలి తరం కిట్లు పూర్తిగా వైర్లతో నడిచేవి. నోకియా కార్క్-91 వీటిలో బాగా పేరున్నది. ఫోనును డ్యాష్‌బోర్డు మీది స్టాండులో గుచ్చగానే చార్జింగు, మైకు, స్పీకరు ఒకేసారి కలిసేవి. కొన్ని రకాల్లో కారు పైన బిగించిన యాంటెన్నా కూడా దానికే కలిసేది. ఇబ్బందల్లా ఫోను మోడల్ మారితే స్టాండు పనికిరాకపోవడం.

బ్లూటూత్ పుట్టిన సంవత్సరం విషయంలో పుస్తకానికో మాట కనిపిస్తుంది. ఎరిక్సన్ కంపెనీలో పని మొదలైన 1994 అని కొందరు, కంపెనీలన్నీ సంఘంగా ఏర్పడిన 1998 అని కొందరు, తొలి ప్రమాణం వెలువడిన 1999 అని మరికొందరు రాస్తారు. కారు విషయంలో వీటికంటే ముఖ్యమైనది 2000ల తొలి సంవత్సరాల్లో రూపుదిద్దుకున్న హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్. కాల్ ఎత్తడం, పెట్టేయడం, మాట పంపడం ఎలాగో అందులో నిర్దేశించారు. దానివల్లే ఒక కంపెనీ ఫోను ఇంకో కంపెనీ కిట్టుతో కలవగలిగింది. ఫ్రాన్సుకు చెందిన ప్యారట్ సంస్థ సీకే3000 ఈ తరం కిట్టే. 2011లో వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ 1.6 ప్రమాణంతో మాట నాణ్యత మెరుగైంది. అంతకుముందు సెకనుకు 8,000 నమూనాలుగా వెళ్లే ధ్వని 16,000గా వెళ్లసాగింది. కారు, ఫోను రెండూ ఆ ప్రమాణానికి చెందినవైతేనే ఈ తేడా తెలుస్తుంది.

నల్లమల, సిగ్నల్

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లేటప్పుడు దిగువమెట్ట దాటాక, దోర్నాల నుంచి శ్రీశైలం వైపు గానీ ఆత్మకూరు వైపు గానీ వెళ్లేటప్పుడు రోడ్డు అడవిలో పడుతుంది. మలుపుల్లో కొండ అడ్డొచ్చి కాల్ తెగిపోతుంది. ఖరీదైన బ్లూటూత్ కిట్టు పెడితే ఘాట్‌లోనూ మాట్లాడుకోవచ్చని కొందరు నమ్ముతారు గాని అది నిజం కాదు. బ్లూటూత్ పని ఫోనుకూ కారుకూ మధ్యనున్న రెండు మూడు అడుగుల దూరంలోనే. టవరును అందుకోవలసింది ఫోనే. ఈ ఒక్క విషయంలో పాత వైరు కిట్టే నయం. దాని బయటి యాంటెన్నా కారు రేకును తప్పించుకుని బలహీనమైన సిగ్నల్‌ను కొంతైనా పట్టేది.

సిగ్నల్ తగ్గేకొద్దీ ఫోను తన శక్తి పెంచి ప్రసారం చేస్తుంది. పాత 2జీ ఫోను స్టీరియో దగ్గర ఉంటే, కాల్ రాబోయే ముందు స్పీకరులో టకటకమని వచ్చే చప్పుడు అదే. సెకనుకు 217 సార్లు ఆగి ఆగి వెలువడే ప్రసారాన్ని స్పీకరు వైర్లు పట్టేస్తాయి. అది స్టీరియో లోపమనుకుని మార్పించినవారూ ఉన్నారు. ఫోనును ఒక అడుగు దూరం జరిపితే సరిపోయేది.

శ్రీశైలం ఘాట్‌లో రాత్రి రాకపోకలపై ఆంక్షలు ఉంటాయి. కాబట్టి దోర్నాల చెక్‌పోస్టు దగ్గర ఆగవలసి రావచ్చు; ముందు దారిలో సిగ్నల్ నిలవదని అప్పుడే చేయవలసిన కాల్స్ చేసుకోవడం తెలిసిన డ్రైవర్ల పద్ధతి.

బిగింపు

కిట్టుకు మూడు వైర్లు తప్పనిసరి: ఎప్పుడూ 12 వోల్టులు ఉండే వైరు, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే వైరు, ఎర్త్. కాల్ వచ్చినప్పుడు పాట ఆపడానికి కొన్నింట్లో నాలుగో వైరు ఉంటుంది. చిక్కంతా రంగుల దగ్గరే వస్తుంది. నోకియా వైరు కిట్టులో ఎరుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, నీలం తాళానిది, నలుపు ఎర్త్, పసుపు పాట ఆపేది. బజారులో దొరికే స్టీరియోల్లో పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళానిది, నీలం యాంటెన్నా లేదా ఆంప్లిఫయరుకు వెళ్లేది. ఒకదాని రంగులు గుర్తుపెట్టుకుని రెండోదాన్ని కలిపితే తప్పు జరగక మానదు. కారు కంపెనీ సొంత వైరింగు రంగులు ఈ రెండింటికీ భిన్నంగా ఉండవచ్చు. అందుకే ప్రతి వైరునూ మీటరుతో గాని, టెస్ట్ బల్బుతో గాని చూసే కలపాలి. వైరును గుర్తించేటప్పుడు కరెంటు ఉండాలి, కలిపేటప్పుడు ఉండకూడదు. పరీక్ష అయ్యాక బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీసి పని మొదలుపెట్టాలి.

తప్పు ఏమిటో లక్షణమే చెబుతుంది. తాళం తీసినప్పుడల్లా స్టీరియో గడియారం, జతచేసిన ఫోన్లు చెరిగిపోతుంటే పసుపు, ఎరుపు తారుమారైనట్టు. తాళం తీసినా స్టీరియో ఆగకపోతే రెండూ ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకే పడినట్టు. దాన్ని అలాగే వదిలేస్తే పొద్దునకు సెల్ఫ్ తీసుకోదు. ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకరులో సన్నని కూత పెరుగుతుంటే అది ఆల్టర్నేటరు చప్పుడు; నూటికి తొంభై పాళ్లు ఎర్త్ సరిగా లేదని అర్థం. డ్యాష్‌బోర్డు వెనక కనిపించిన స్క్రూకల్లా ఎర్త్ కట్టడం మామూలుగా జరిగే పొరపాటు. రంగు వేసిన రేకు మీద కరెంటు సరిగా పారదు. రంగు గీకి, నిగనిగలాడే లోహం బయటపడ్డాక వాషరు వేసి బిగించాలి.

కారు మోడల్‌కు సరిపడే కప్లరు దొరికితే అసలు వైర్లు కోయనక్కరలేదు. కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిన అతుకులు ఈ ఎండలకు నిలవవు. మూసి ఉంచిన కారులో టేపు జిగురు కరిగి, చుట్ట విప్పుకుంటుంది. కారు వారంటీ పోయేది కూడా అక్కడే. ఫ్యూజు, వైరు కరెంటు తీసుకునే చోటికి దగ్గరగా ఉండాలి. కిట్టు పక్కన పెడితే మధ్యలో వైరు ఒరుసుకున్నప్పుడు అది కాపాడదు.

మార్కాపురం నుంచి పలకల లోడు వేసుకెళ్లే పెద్ద లారీల్లో 24 వోల్టుల కరెంటు ఉంటుంది. 12 వోల్టుల స్టీరియోను వాటికి కన్వర్టరుతోనే కలపాలి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు లాగడం వాడుకలో ఉందిగాని మంచిది కాదు. ఆ బ్యాటరీ సరిగా చార్జింగు కాక తొందరగా పోతుంది, రెండోది అతిగా చార్జవుతుంది.

మైకు ఎక్కడ పెట్టారనేదే అవతలివారికి మాట వినిపించడాన్ని తేలుస్తుంది. డ్రైవరు నోటికి అడుగు, అడుగున్నర దూరంలో, సన్‌వైజరు పక్కన గాని, అద్దం పక్క స్తంభం పైభాగాన గాని పెట్టడం మేలు. విదేశీ కిట్ల బొమ్మల్లో ఎడమవైపు చూపిస్తారు. మన స్టీరింగు కుడివైపు కాబట్టి తిప్పి చదువుకోవాలి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెడితే హోరు తప్ప ఏమీ వినపడదు. ఏసీ లేని బండిలో అద్దాలు దించి నడిపితే ఎంత మంచి మైకైనా అంతంతమాత్రమే. స్పీకరు మైకుకు ఎదురుగా ఉండకూడదు.

ఎయిర్‌బ్యాగు తెరుచుకునే మేరలో వైరు గాని, ఫోను స్టాండు గాని ఉండరాదు. కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి, పక్క సీటుది 2021లో దశలవారీగా తప్పనిసరి అయ్యాయి కాబట్టి పాత కార్లలో చెల్లిన జాగాలు ఇప్పుడు చెల్లవు. అద్దానికి అంటించే రబ్బరు స్టాండ్లు 40 డిగ్రీలు దాటిన ఎండకు పట్టు వదులుతాయి. అద్దం దగ్గర చార్జింగులో ఉంచి మ్యాపు నడిపే ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు. గాలి వచ్చే ఏసీ రెక్కలకు తగిలించే స్టాండు ఈ విషయంలో మెరుగు.

చట్టం, ప్రమాదం

బండి నడుపుతూ మొబైల్ వాడటం లైసెన్సుపై చర్యకు కారణమవుతుందని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 21వ నియమం కింద చేర్చారు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేతిలో పట్టుకునే సాధనాల వాడకాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగా పేర్కొంది. తొలిసారి తప్పుకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నియమాలు దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడని రీతిలో, ఫోను వాడుకోనిచ్చాయి. కారులో బిగించిన కిట్టుతో మాట్లాడటం 184 కిందికి రాదన్న వ్యాఖ్యానమే బలంగా కనిపిస్తుంది. అయితే 21వ నియమంలో అలాంటి తేడా లేదని వాదించేవారున్నారు; రోడ్డు మీద ఈ వాదన తేలదు.

ప్రమాదం సంగతిలోనూ రెండు పక్షాలున్నాయి. కెనడాకు చెందిన రెడెల్‌మయర్, టిబ్‌షిరానీ 1997లో ప్రచురించిన అధ్యయనం ఫోనులో మాట్లాడుతున్నప్పుడు ఢీకొనే అవకాశం దాదాపు నాలుగు రెట్లని, హ్యాండ్స్‌ఫ్రీతో అది తగ్గలేదని చెప్పింది. అమెరికాలో వర్జీనియా టెక్ పరిశోధకులు కార్లలో కెమెరాలు పెట్టి చూసి, అసలు ప్రమాదం నంబరు నొక్కడంలో, తెర చూడటంలో ఉందని, మాట్లాడటంలో అంతగా లేదని తేల్చారు. రెండోది నిజమైన రోడ్ల మీద చూసినది. అయినా దాన్ని ఘాట్ మలుపులకు, గొర్రెల మందలు అడ్డొచ్చే కంభం రోడ్డుకు యథాతథంగా అన్వయించడం కష్టం.

వాడకం

జతచేయడం బండి ఆగి ఉన్నప్పుడే చేయాలి. పాత కిట్లు 0000 లేదా 1234 అడుగుతాయి. 2007 నాటి బ్లూటూత్ 2.1 ప్రమాణం తర్వాతివి రెండు తెరల మీదా ఒకే సంఖ్య చూపి సరే అనమంటాయి. అవతలివారికి వారి గొంతే తిరిగి వినిపిస్తోందంటే ముందు స్పీకరు శబ్దం తగ్గించి చూడాలి. తెలుగు లిపిలో పేర్లు దాచుకున్నవారికి చాలా స్టీరియోల తెర మీద వరుసగా డబ్బాలు కనిపిస్తాయి, ఎవరు చేశారో తెలియదు. ఆ లిపి అందులో లేకపోవడమే కారణం. తరచుగా చేసే నాలుగైదు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవడం అందరూ చేసే పని.

జతచేసినప్పుడు ఫోన్‌బుక్ మొత్తం స్టీరియోలోకి వెళ్లి, ఫోను తీసేసినా అక్కడే మిగిలిపోవచ్చు. అద్దెకార్లలో, సెకండ్‌హ్యాండ్ కార్లలో పాత మనిషి బంధువుల నంబర్లు కనిపించేది ఇందువల్లే. బండి అమ్మేముందు స్టీరియో సెట్టింగుల్లో జతలన్నీ తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. పాత వైరు కిట్టు ఊడదీస్తే, కరెంటున్న వైరు కొసను ఫ్యూజు దగ్గరే విప్పి తీసేయాలి. డ్యాష్‌బోర్డు కింద టేపు చుట్టి వదిలేయకూడదు.